బెరూ అన్న ఒక్క మాట

ప్రియమైన తమ్ముడికి,

స్టార్ వార్స్ సినిమాల మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి మూడు పేజీలూ రిలీజ్ తేదీలే. 1977 మే 25, 1980 మే 21, 1983 మే 25, ఆ తర్వాత పదహారేళ్ల ఖాళీ, మళ్లీ 1999 మే 19. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ వెనక ఎవరూ పట్టించుకోని పాత్రలంటూ పదకొండు పేర్లు, పేరుకి రెండేసి వాక్యాలు. కష్టపడ్డావని తెలుస్తోంది. కానీ ఆ తేదీలకీ ఈ మనుషులకీ సంబంధం ఉందని నీకు తట్టినట్టు లేదు.

నీ జాబితాలో ఏడో పేరు బెరూ. ల్యూక్‌ని పెంచిన మంచి మనిషి అని రాసి వదిలేశావు, ల్యూక్ కథానాయకుడని కూడా చెప్పకుండా. నేనైతే వ్యాసమంతా ఆమె మీదే రాస్తాను.

1977 సినిమాలో ఆ భోజనాల సీన్ గుర్తు తెచ్చుకో. బల్ల మీద నీలం పాలు. ఈ ఏడే పైలట్ల అకాడమీకి వెళ్తానని ల్యూక్ అడుగుతాడు, పంట చేతికొచ్చేదాకా ఆగమంటాడు ఓవెన్. కుర్రాడు అలిగి లేచిపోతాడు. అప్పుడు బెరూ భర్తతో నెమ్మదిగా అంటుంది: వీడు వ్యవసాయం చేసే రకం కాదని, తండ్రి పోలికలు చాలా వచ్చాయని. నా భయమూ అదేనంటాడు ఓవెన్. అంతే సీన్.

ఇప్పుడు నీ తేదీలు బయటికి తియ్యి. 1977లో హాల్లో కూర్చున్నవాళ్లకి ఆ మాటలో చెడేమీ వినపడి ఉండదు. తండ్రిలాగే వీడికీ ఇల్లు పట్టదు, దూరం వెళ్లాలని ఉంది అనుకుని ఉంటారు. మూడేళ్ల తర్వాత, 1980లో, ఆ తండ్రి సినిమాలోని పెద్ద విలన్ డార్త్ వేడర్ అని తెలిసింది. బెరూ అన్నది అదే మాట, అక్షరం మారలేదు, కానీ ఇప్పుడది వింటే ఒళ్లు జలదరిస్తుంది. వెనక తీసినా కథలో ముందు జరిగే 2005 సినిమాలో, ఆ తండ్రికి గురువైన ఓబీవాన్ తెచ్చిన పసిబిడ్డ ల్యూక్ని ఆమె చేతుల్లోకి తీసుకుని, రెండు సూర్యుళ్లు కుంగుతున్న వైపు చూస్తున్న ఓవెన్ దగ్గరికి నడిచి వెళ్తుంది. ఆ నడక చూశాక మళ్లీ భోజనాల సీన్‌కి వస్తే, పంతొమ్మిదేళ్లు పెంచిన తల్లి మాటలా వినిపిస్తుంది. తొలిసారి షీలా ఫ్రేజర్ వేసిన పాత్రని 2002 నుంచి బానీ పీస్ వేసింది. ఇద్దరూ కలిసి ఒక మనిషిని నిలబెట్టారు.

రిలీజ్ వరసలో చూడాలా, ఎపిసోడ్ నంబర్ల వరసలో చూడాలా అని నువ్వు ఒక పేజీ వాదించావు. 1977లో ఆ సినిమాకి నాలుగో భాగం అన్న పేరే లేదు, 1981లో మళ్లీ విడుదల చేసినప్పుడు చేర్చారు. నంబర్ల వరసలో వచ్చినవాడికి తండ్రి సంగతి ముందే తెలుసు కాబట్టి, బెరూ మాట అమాయకంగా వినిపించే అవకాశం ఎప్పటికీ రాదు. ఈ ఒక్క ఉదాహరణ చాలు, పేజీ వాదన అక్కర్లేదు.

ఇంకో చిన్న సంగతి. నువ్వు బెరూ అత్త అని రాశావు. ఓవెన్ ల్యూక్ తండ్రికి సవతి సోదరుడని 2002 సినిమాలో తేలింది కదా, మరి అత్త ఎలా అవుతుంది? పిన్ని కావాలి, లేదా పెద్దమ్మ. ఇద్దరిలో ఎవరు పెద్దో సినిమాలో చెప్పరు. నేను పిన్ని అనే అనుకుంటాను. తెలుగులో రాసేటప్పుడు ఇలాంటి వరసలు తప్పకుండా చూసుకో.

తిరుగుబాటుదార్ల నాయకురాలు మాన్ మాత్మా కూడా ఇలాంటి మనిషే. 1983లో కరొలైన్ బ్లేకిస్టన్ ఒక్క సీన్‌లో కనిపించి, రహస్యం తెచ్చే పనిలో ఎంతోమంది చనిపోయారని బరువుగా చెప్పి వెళ్లిపోయింది. 2005 సినిమా కోసం జెనెవీవ్ ఓరైలీ అదే పాత్ర చేస్తే, ఆమె మాట్లాడిన సీన్లు ఎడిటింగ్‌లో పోయాయి. పదకొండేళ్లు ఆగి 2016లో ఇదే వరస సినిమా రోగ్ వన్‌లో మళ్లీ ఆమే వచ్చింది. 2022లో మొదలైన ఆండోర్ సిరీస్‌లో పార్టీలిస్తూ, నవ్వుతూ, తిరుగుబాటుకి దొంగచాటుగా డబ్బు పంపే సెనేటర్‌గా ఆమెని చూశాక, 1983 నాటి ఆ గొంతులో అలసట ఎక్కడిదో నాకు అర్థమైంది.

వెడ్జ్ ఆంటిలీస్ విషయంలో మాత్రం జాగ్రత్త. నీ వయసులో నేను అతని మీద రాస్తూ, బాగుంటుందని ఒక బాల్యం కల్పించి పెట్టాను. నా వ్యాసం చూసిన ఎడిటర్ ఆ పేరా మొత్తం కొట్టేసి, తెర మీద ఉన్నది నీకు సరిపోలేదా అని అడిగారు. నిజంగానే సరిపోతుంది. గ్రహాల్నే పేల్చేసే డెత్ స్టార్ స్థావరాలు రెండింటి మీదా జరిగిన దాడుల్లో ఉండి ప్రాణాలతో బయటపడ్డ పైలట్ అతను. మొదటి సినిమా బ్రీఫింగ్ సీన్‌లో కాలిన్ హిగిన్స్, విమానంలో డెనిస్ లాసన్, గొంతు మాత్రం మూడో మనిషిది. 2019 సినిమాలో లాసన్ మళ్లీ కొన్ని క్షణాలు కనిపిస్తే నాకు కళ్లు చెమర్చాయి. ఇవన్నీ ఉండగా కల్పన ఎందుకు?

మిగతా ఎనిమిది పేర్లూ తీసెయ్యి. బాధగా ఉంటుంది, తెలుసు. వాటిని వేరే కాగితం మీద దాచుకో, ఒక్కొక్కరికీ ఒక్కో వ్యాసం రాయొచ్చు.

బెరూ చివరిసారి కనిపించేది కాలిపోయిన ఇంటి బయట, శవంగా. కెమెరా అక్కడ ఎక్కువసేపు ఆగదు, ల్యూక్ తల తిప్పేసుకుంటాడు. దాని గురించి నీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ఈ వారం ఆ సీన్, భోజనాల సీన్ రెండూ మళ్లీ చూడు. ఒకసారి సౌండ్ తీసేసి చూడు. ఓవెన్ మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఎవరి వైపు చూస్తోందో గమనించి, అక్కడి నుంచి మొదలుపెట్టి రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

ప్రేమతో,
మీ అన్నయ్య