తెల్ల పూల మొక్క కొనేముందు దాని పువ్వు ఎలా వాడుతుందో చూడండి

అన్నీ తెల్ల పూలే పూసే చిన్న తోట కావాలి, ఎండ సగం పూటే వస్తుంది, ఏం పెట్టాలి అని అడిగారు కదా. నాదీ అలాంటి జాగానే, పొద్దున ఎండ, మధ్యాహ్నం నుంచి గోడ నీడ. నేనైతే విచ్చుకున్న పువ్వుని కాదు, వాడిన పువ్వుని చూసి మొక్క ఎంచుకోమంటాను. ఎర్ర పువ్వు వాడినా పెద్దగా తెలీదు, తెల్లదాని మీద గోధుమరంగు మచ్చ పడితే గేటు దగ్గర్నుంచే కనిపిస్తుంది.

నందివర్ధనమే చూడండి, ఒంటిరెక్కది అయితే పూసి అయిపోగానే పువ్వు దానంతటదే రాలిపోతుంది, చెట్టు ఎప్పుడూ నీట్‌గా ఉంటుంది, అదే ముద్దది అయితే వాన పడ్డాక పూలు నానిపోయి కొమ్మకే అంటుకుని ఉంటాయి, రోజూ తుంచాల్సిందే. కొంచెం నీడ ఉన్నా దాదాపు ఏడాదంతా పూస్తుంది, కాబట్టి మీకు మొదటి మొక్క ఒంటిరెక్క నందివర్ధనం.

మల్లెకి మాత్రం రోజుకి 5-6 గంటలు నేరుగా ఎండ తగలాలి, లేదంటే ఆకు తప్ప మొగ్గ ఉండదు. పూలు కొత్త చిగుళ్ళకే వస్తాయి, అందుకే చలికాలం చివర్లో ఆకు దూసేసి కొమ్మలు కత్తిరించండి, భయపడొద్దు. గంధరాజం వాసన నాకు ప్రాణం, కానీ దానికి కాస్త ఆమ్ల గుణం ఉన్న మట్టి కావాలి, ఉప్పు నీళ్ళు పోస్తుంటే లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, అంటే ఐరన్ అందట్లేదని.

సాయంత్రాలే తోటలో కూర్చునేవాళ్ళయితే పారిజాతం, నేలసంపెంగ కూర్చునే చోటికి దగ్గరగా పెట్టుకోండి, రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం పూసే పూలు కాబట్టి వాసన చీకటి పడ్డాకే గుప్పుమంటుంది. పారిజాతం తెల్లారేసరికి రాలిపోతుంది, కింద మట్టి కాకుండా బండలుంటే ఏరుకోడానికి బాగుంటుంది. తెల్ల గన్నేరు మాత్రం చిన్నపిల్లలు, కుక్కలు ఉన్న ఇంట్లో వద్దు, చెట్టంతా విషమే.

కుండీల్లోకి బిళ్ళగన్నేరు చాలు. గింజలు రాలి అవే మొలుస్తాయి, పక్కన గులాబీరంగువి ఉంటే కలిసిపోతాయి, పూసేదాకా ఆగక్కర్లేదు, కాడ పచ్చగా ఉన్నవి తెల్ల పూలవి, అవి ఉంచి, ఎర్రజీర ఉన్నవి పీకేయండి.