అర న్యూట్రాన్‌ను కనిపెట్టింది నేనే

ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి పరమాణువు ద్రవ్యరాశి సంఖ్యను ఎలా నిర్ణయిస్తాయి, అందులో ఎలక్ట్రాన్లను ఎందుకు కలపరు అని అడిగారు. కేంద్రకంలో ఉన్నవాటిని తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టండి, అంతే. సోడియంలో 11 ప్రోటాన్లు, 12 న్యూట్రాన్లు, కాబట్టి 23. ఎలక్ట్రాన్ కేంద్రకంలో ఉండదు కనుక లెక్కలోకి రాదు. పైగా దాని బరువు ప్రోటాన్ బరువులో సుమారు 1836వ వంతు. ఇంత చిన్న విషయంలో నేను తరగతి మొత్తం ముందు నవ్వులపాలయ్యాను. ఈ జవాబు రాయడానికి అసలు కారణం అది.

తొమ్మిదో తరగతిలో మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి, క్లోరిన్‌లో న్యూట్రాన్లు ఎన్నో కనుక్కోమన్నారు. గోడకు ఆవర్తన పట్టిక వేలాడుతోంది. క్లోరిన్ గడిలో పైన ప్రోటాన్ల సంఖ్య 17, కింద 35.5. పెద్ద సంఖ్యలోంచి చిన్న సంఖ్య తీసివేయాలని అంతకు ముందు రోజే ఆయనే చెప్పారు. తీసివేశాను. 18.5 అని రాసి, దర్జాగా కింద రెండు గీతలు కూడా గీశాను. ఆయన ఒక్క క్షణం చూసి, "మిగతా అర ముక్క ఎక్కడ దాచావురా?" అన్నారు. తరగతి గొల్లుమంది. తర్వాత డస్టరుతో ఆ పాయింట్ ఐదును మాత్రం తుడిచి, 18 సరైన జవాబని చెప్పి కూర్చోమన్నారు. ఎందుకు తుడిచారో మాత్రం చెప్పలేదు. నా చెవులు సాయంత్రం దాకా ఎర్రగానే ఉన్నాయి.

తుడవకుండా ఆ పాయింట్ ఐదు గురించే చెప్పి ఉంటే ఐసోటోపుల పాఠం, అంటే ఒకే మూలకంలో న్యూట్రాన్ల సంఖ్య తేడాగా ఉండే పరమాణువుల పాఠం, అక్కడికక్కడే అయిపోయేది. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో దాదాపు నాలుగింట మూడు వంతుల పరమాణువుల ద్రవ్యరాశి సంఖ్య 35, మిగతావాటిది 37. వాటిలో న్యూట్రాన్లు 18 లేదా 20. గడిలో ఉన్న 35.5 ఈ గుంపు సగటు. ఒక్క పరమాణువును పట్టుకుని చూస్తే ఎవరికీ ఆ బరువు ఉండదు.

సగటును దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సరిపోతుందని గైడ్లలో రాస్తుంటారు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది అక్కడే. బ్రోమిన్‌ను తీసుకోండి. గడిలో 79.9 ఉంటుంది. సవరిస్తే 80, అందులోంచి ప్రోటాన్లు 35 పోతే 45 న్యూట్రాన్లు. సహజ బ్రోమిన్‌లో ఉండేవి 79, 81 మాత్రమే, అవి కూడా దాదాపు చెరిసగం. అంటే న్యూట్రాన్లు 44 లేదా 46. గైడు చెప్పిన 45 న్యూట్రాన్ల బ్రోమిన్‌కు స్థిరత్వమే లేదు, పుట్టిన కొద్దిసేపటికే క్షీణించిపోతుంది. ఆ జవాబుకు మార్కులు మాత్రం నిండుగా పడతాయి!

నన్నడిగితే సగం తప్పు పేరుదే. ద్రవ్యరాశి సంఖ్య అనగానే ఎవరికైనా తక్కెడ గుర్తుకొస్తుంది. కేంద్రక కణాల సంఖ్య అని పిలిచి ఉంటే ఏ పిల్లవాడూ దశాంశ బిందువు జోలికి వెళ్లేవాడు కాదు. నిజంగా తూచితే లెక్క ఎటూ కుదరదు. పరమాణువుల బరువు కొలిచే యూనిట్లలో ప్రోటాన్ 1.0073, న్యూట్రాన్ 1.0087. కార్బన్ 12 కోసం ఆరేసి కలిపితే 12.09 దాటుతుంది. ఆరు ఎలక్ట్రాన్లతో సహా పూర్తి పరమాణువు మాత్రం కచ్చితంగా 12 యూనిట్లే. ఆ యూనిట్‌ను నిర్వచించిందే దానితో. తగ్గిన బరువు, కణాలు ఒకదానికొకటి అతుక్కున్నప్పుడు శక్తి రూపంలో బయటికి పోయింది. కణాల సంఖ్య మాత్రం 12 నుంచి కదల్లేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే కార్బన్ 14ను చూడండి. ఆరు ప్రోటాన్లు, ఎనిమిది న్యూట్రాన్లు. క్షీణించేటప్పుడు ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఏడూ ఏడుగా నైట్రోజన్ అయిపోతుంది. మూలకం పేరు మారింది, బరువు కూడా పిసరంత తగ్గింది. ద్రవ్యరాశి సంఖ్య అప్పుడూ 14, ఇప్పుడూ 14.