మోబీ డిక్: 40వ అధ్యాయం నుంచి మొదలుపెట్టండి

“కథంతా ఇష్మాయేలే చెబుతుంటే బఖ్తిన్ అన్న బహుళ స్వరాలు ఎక్కడివి?” అని అడిగారు. ఒకే నవలలో ఎన్నో గొంతులు, ఏదీ మరొకదానికి లొంగకుండా వినిపించడాన్నే రష్యన్ విమర్శకుడు బఖ్తిన్ బహుళ స్వరాలన్నాడు. మెల్విల్ 1851లో ప్రచురించిన ఈ నవలలో ముందు 40వ అధ్యాయం తెరవండి. అక్కడ ఇష్మాయేల్ మాయం. నవల కాస్తా నాటకమైపోతుంది. అర్ధరాత్రి తిమింగిలాల వేట ఓడ మీద డచ్చివాడు, చైనావాడు, తహితివాడు, ఎవరి మాట వారిదే. లాస్కరు (ఓడల్లో పనిచేసే భారతీయ) నావికుడైతే బ్రహ్మ మీద ఒట్టేసి గంగనూ శివుణ్ణీ తలుస్తాడు! ఓడలోని నల్లజాతి కుర్రాడు పిప్ కంజిర మోత, చిందులు, కొట్లాట, గాలివాన.

బఖ్తిన్ చెప్పిన కార్నివాల్‌కు, అంటే పెద్దాచిన్నా తలకిందులై పవిత్రమైనదీ నవ్వులపాలయ్యే తీరుకు, 64వ అధ్యాయం చాలు. తిమింగిలం మాంసం తింటూ ఓడ అధికారి స్టబ్, నల్లజాతి వంటవాడు ఫ్లీస్ చేత సొరచేపలకు మతప్రసంగం చేయిస్తాడు. 9వ అధ్యాయంలో చర్చిలో పాదిరి మాపుల్ చేసే ప్రసంగం పక్కన పెట్టుకుని చదవండి. నవ్వు ముసలి ఫ్లీస్ మీద అనుకుంటాం. కానీ వెళ్తూ వెళ్తూ ఫ్లీస్, సొరచేపకన్నా ఈ స్టబ్బే పెద్ద సొరచేప అని గొణుగుతాడు.