ప్లేట్‌లెట్ల మీద పరిశోధన అంటే గడియారంతో పరుగు

"ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ అయింది. గుండె జబ్బుల్లో ప్లేట్‌లెట్ల మీద పీహెచ్‌డీ చేయాలనుంది. ఈ దారి ఎలా ఉంటుంది?" అని అడిగారు. నేను పదకొండేళ్లుగా ఇందులోనే ఉన్నాను, నాకు తెలిసింది చెప్తాను.

మొదటి తిప్పలు ఇంట్లో వాళ్లకి చెప్పడంతోనే. మా నాన్నమ్మకి ప్లేట్‌లెట్లంటే డెంగ్యూ, బొప్పాయి ఆకు రసం. గుండె ధమనిలో కొవ్వు పూడిక చిట్లినచోట అవే గుమిగూడి హార్ట్ ఎటాక్ తెప్పిస్తాయంటే, "మరి డబ్బులు పోసి ఎక్కించుకోవడం దేనికిరా?" అంది. నా పీహెచ్‌డీ ప్రశ్న దాదాపు అదే! తెగిన వేలు దగ్గర రక్తం ఆపే పని చేయాలి, ధమనిలో మాత్రం ఊరుకోవాలి. ధమనిలో పనిని ఆపి, వేలు దగ్గరి పనిని వదిలేసే మందు దొరుకుతుందా అని.

రోజువారీ పని చూడండి. పొద్దున్నే డోనర్ వస్తారు. రక్తం గడ్డకట్టకుండా చూసే సిట్రేట్ ట్యూబులోకి రక్తం తీసి సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకి దిగి, పైన పసుప్పచ్చగా, మసగ్గా ప్లేట్‌లెట్లున్న ద్రవం మిగులుతుంది. ట్యూబుని వెలుతురుకి పెట్టి మెల్లగా కదిపితే లోపల పొగ సుడులు తిరిగినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తే కణాలు బాగున్నట్టు. అక్కణ్ణుంచి సుమారు 4 గంటలు మీ చేతిలో ఉంటాయి. ఆ తర్వాత వాటిని నమ్మలేం. మధ్యాహ్నం భోజనం సంగతి ఇక అడక్కండి.

ఆ మసక ద్రవంలో ప్లేట్‌లెట్లని రెచ్చగొట్టే మందు కలిపి, అవి ముద్దకట్టేకొద్దీ వెలుతురు ఎంత ఎక్కువ దూరి వస్తుందో కొలుస్తాం. 1962లో గుస్తావ్ బోర్న్ ప్రచురించిన పద్ధతి, ఇప్పటికీ ఇదే మా ఉప్పూ పప్పూ.

రెండో ఏడాది ఒకరోజు అలా ముద్దకట్టించే అరకిడోనిక్ ఆసిడ్ వేశాను. గ్రాఫ్‌లో గీత పైకి లేవలేదు. మళ్లీ వేశాను, అంతే. రీయేజెంట్ పాడైందనుకుని కొత్త సీసా తీశాను. మధ్యాహ్నం దాకా టెన్షన్ పడ్డాక తేలిందేమిటంటే, మా డోనర్ రెండు రోజుల కిందట తలనొప్పికి డిస్ప్రిన్ వేసుకున్నాడట! అందులో ఉండే ఆస్పిరిన్, ప్లేట్‌లెట్‌లో అరకిడోనిక్ ఆసిడ్‌ని వాడుకునే ఎంజైమ్‌ని శాశ్వతంగా మూసేస్తుంది. వాటికి కేంద్రకం లేదు కదా, కొత్త ఎంజైమ్ చేసుకోలేవు. 7 నుంచి 10 రోజులు బతికి పోతాయి, అంతవరకూ అలాగే ఉంటాయి. రోజుకొక్క చిన్న మాత్ర గుండెకి ఎలా సరిపోతుందో పుస్తకంలో చదివాను గానీ, ఆ అడ్డగీత చూశాకే బుర్రకెక్కింది. ఆ రోజు నుంచి డోనర్ని "కాఫీ తాగారా" అనేకంటే ముందు "ఏ మాత్ర వేసుకున్నారు" అని అడుగుతున్నాను.

డబ్బు విషయం. నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాసి జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, పైన హెచ్ఆర్ఏ. బతకొచ్చు. అసలు కష్టం పీహెచ్‌డీ తర్వాతే. ఇంగ్లండ్‌లో నా పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన ఉద్యోగం) గ్రాంట్ అయిపోయిన నెలలోనే నా ఉద్యోగమూ అయిపోయింది. అప్పటికి మా పాపకి ఎనిమిది నెలలు. అప్పుడు క్లినికల్ ట్రయల్స్ వైపు వచ్చాను, ఇప్పుడు మందుల ప్రభావం కొలిచే పనే చేస్తున్నాను. ప్రొఫెసర్ కాలేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది, అబద్ధం చెప్పను.

టాపిక్ వెతుకుతుంటే, ప్లేట్‌లెట్లు ముద్దకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ మాత్ర చూడండి. అది కాలేయంలో మారితేనే పనిచేస్తుంది. ఆ మార్పు సరిగ్గా జరగనివ్వని జన్యు తేడా మనవాళ్లలో తక్కువేమీ కాదు. స్టెంట్ వేయించుకున్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇంటర్వ్యూలో తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ప్లేట్‌లెట్లని ఫ్రిజ్‌లో పెడతారా? కంగారులో అవునని చెప్పేయకండి. చలికి వాటి ఆకారమే మారిపోతుంది. బ్లడ్ బ్యాంకులో 20 నుంచి 24 డిగ్రీల దగ్గర, మెల్లగా ఊపుతూ ఉంచుతారు. నేను అవునన్నాను.