వేలితో నొక్కి చూశాకే రాయాలి

నల్లగొండ

బిడ్డా,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. కణానికి దెబ్బ తగిలితే ఏమవుతుంది, ఆ చోటు వేడెక్కి ఉబ్బి నొప్పిపెట్టే ఇన్‌ఫ్లమేషన్ ఎందుకు వస్తుంది అన్నది పశువులు సాకేవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలనుకున్నావు. మంచి పనే. కానీ నాలుగు పేజీల్లో ‘వాపు’ అనే మాట 31 సార్లు వాడావు. లెక్కపెట్టాను, పెన్షన్ తీసుకునేవాడికి ఇంకేం పని! ఆ 31 లో కనీసం మూడు రకాల వాపులున్నాయి. నువ్వు అన్నింటినీ ఒకే గాటన కట్టేశావు.

తప్పు నీ ఒక్కదానిదే కాదు. పొదుగువాపు, గొంతువాపు, జబ్బవాపు అని మన రోగాల పేర్లే అలా ఉన్నాయి. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. పశువుల డాక్టరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పత్రికకు రాస్తూ, ‘వాపు ఉన్నచోట వేడి కాపడం పెట్టండి’ అని ఒక్క వాక్యం పడేశాను. నా మనసులో ఉన్నది దెబ్బ తగిలిన కాలు. దేవరకొండ వైపు గొర్ల కాపరి ఒకాయన ఆ ముక్క ఎవరితోనో చదివించుకుని, దవడ కింద సంచిలా నీరు దిగిన గొర్రెకు వారం రోజులు ఇటుక కాల్చి కాపడం పెట్టాడు. నా దగ్గరికి తెచ్చేసరికి దాని కనురెప్ప లోపల కాగితంలా పాలిపోయి ఉంది. అది కార్జపు జలగలు అనే లివర్ పురుగుల పని. అవి కార్జాన్ని పాడుచేసి, రక్తం తాగి, రక్తంలో ప్రొటీన్ తగ్గేలా చేస్తాయి. ప్రొటీన్ తగ్గితే నీరు నాళాల్లో నిలవదు, తల వంచి మేసే జీవానికి దవడ కిందికి జారుతుంది. అక్కడ వేడి ఉండదు, నొప్పి ఉండదు. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది, వేలు తీశాక కూడా కాసేపు అలాగే ఉంటుంది. వాపును చూసి బలుపు అనుకోవద్దంటారు కదా, నేను వాపును చూసి వాపే అనుకున్నాను. ఆ సొట్ట గురించి ఒక్క మాట రాసి ఉంటే ఆయన మొదటిరోజే జలగల మందు కోసం వచ్చేవాడు.

అది నీరు దిగిన వాపు. ఇప్పుడు రెండో రకానికి, పొదుగువాపు వచ్చిన బర్రె దగ్గరికి పో. చెయ్యి వెయ్యనివ్వదు, తంతుంది. ఒకటో శతాబ్దంలోనే సెల్సస్ అనే రోమన్ ఆయన ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని నాలుగు గుర్తులు చెప్పాడు. నువ్వూ వాటిని వరసగా దింపావు. మరి బర్రె నల్లతోలు మీద ఎరుపు ఎవరికి కనబడుతుంది? రైతుకు తెలిసేది వేడి, నొప్పి, ఆ పైన పాలలో విరుగుడు ముక్కలు. అక్కడ మొదలుపెట్టు. రక్తనాళాలు వెడల్పయి రక్తం ఎక్కువగా వస్తుంది కాబట్టి వేడి. నాళాల గోడల్లో సందులు పడి ప్రొటీన్‌తో సహా నీరు కారుతుంది కాబట్టి ఉబ్బు. తర్వాత తెల్ల రక్తకణాలు గోడకు అంటుకుని, సందులోంచి ఒళ్ళు సన్నం చేసుకుని బయటికి జారుకుంటాయి. 1867లో కోన్‌హైమ్ అనే జర్మన్ డాక్టరు కప్ప మీద దీన్ని కళ్ళారా చూసి రాశాడు.

నువ్వు ‘ఇన్‌ఫ్లమేషన్ అనే రోగం’ అన్నావు, కొట్టెయ్. అది దెబ్బకు ఒళ్ళు ఇచ్చే జవాబు. చచ్చిన జీవంలో కణాలు కుళ్ళుతాయి గానీ, వాటి చుట్టూ తెల్లకణాలు చేరవు. పోస్ట్‌మార్టం స్లైడులో ఇది బతికుండగా అయిన గాయమా, చచ్చాక మొదలైన కుళ్ళా అని తేల్చడానికి మేం ముందు వెతికేది ఆ గుంపునే. నీ వ్యాసంలో ఈ సంగతి లేనేలేదు!

మూడోది కణం వాపు. పాత బావి పూడిక తీసేటప్పుడు ఊటనీళ్ళు తోడే మోటారు ఆగితే బావి నిండుతుందే, అలాంటిది. కణం పొరలో సోడియాన్ని బయటికి తోడే పంపు ఉంటుంది. ఆక్సిజన్ అందక శక్తి తగ్గితే పంపు ఆగుతుంది, సోడియం లోపల ఉండిపోతుంది, దాని వెంట నీరు చేరుతుంది. సమయానికి కరెంటు వస్తే కణం కోలుకుంటుంది. ఆలస్యమైతే కేంద్రకం ముడుచుకుంటుంది, ముక్కలవుతుంది, కరిగిపోతుంది. ఆ భాగం నువ్వు బాగా రాశావు, ముట్టుకోకు. ఆ మూడు దశల గ్రీకు పేర్లు మాత్రం ఒక్కసారి చెప్పి వదిలెయ్.

కండలకు వచ్చే జబ్బవాపుకు ఒక్క వాక్యం చాలు. నొక్కితే లోపల గాలి కరకరలాడుతుంది, అంతే.

ఇంకొకటి. నల్లగొండ పిల్లవై ఉండి ఫ్లోరైడ్ ఊసెత్తలేదేం? వాపు లేని గాయానికి అంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంది? పన్ను ఇంకా చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఎనామిల్ కట్టే కణాలను ఫ్లోరైడ్ దెబ్బతీస్తుంది. వచ్చేశాక ఆ పన్ను మళ్ళీ బాగుపడదు. ఆవుకు ముందుపళ్ళు ఒక్కో జత ఒక్కో వయసులో వస్తాయి కాబట్టి, ఏ జత గారపట్టి అరిగిందో చూస్తే అది ఏ వయసులో ఫ్లోరైడ్ నీళ్ళు తాగిందో చెప్పొచ్చు. దీనికి ఒక పేజీ ఇచ్చినా నేనేం అనను.

ఈ వారం ఏదైనా పశువుల దవాఖాన అరుగు మీద రెండు పూటలు కూర్చో. వచ్చినవాళ్ళు వాపు అన్నప్పుడు పక్కన ఏ మాట చేరుస్తున్నారో రాసుకో. నీరు దిగింది, గడ్డ కట్టింది, చీము పట్టింది, ఉబ్బింది, కాలుతోంది... నీకు కావలసిన మాటలన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. ఆ 31 చోట్లా సరిచూసి మళ్ళీ పంపు. కళ్ళజోడు మార్పించుకున్నాను, అక్షరం చిన్నదైనా పర్లేదు.

ఆశీస్సులతో,
నీ సారు