పక్కింటి పాపకు అంతమంది ఆంటీలా?

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటున్నాం. మా పాప స్నేహితురాలు నల్లజాతి అమ్మాయి, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. రక్తసంబంధం లేనివాళ్లను కూడా ఆంటీ, కజిన్ అంటుంది. ఇంట్లో ఏదో సమస్య ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఓ పాఠకురాలు

జవాబు: అలా అనుకోకండమ్మా. అమెరికాలో బానిసత్వ కాలంలో నల్లజాతి కుటుంబాల్లో భర్తను ఒకచోటికి, బిడ్డను ఇంకోచోటికి అమ్మేసేవాళ్లు. తల్లి దూరమైన పిల్లల్ని పక్క గుడిసెలో ఆవిడ సాకేది, ఇక ఆవిడే పిన్ని, ఆవిడే అమ్మమ్మ. 1865లో విముక్తి వచ్చాక కూడా ఏళ్ల తరబడి, అమ్ముడుపోయిన తల్లి కోసం, తమ్ముడి కోసం, యజమాని పేరూ ఊరి పేరూ గుర్తున్నంత వరకు రాసి పత్రికల్లో ప్రకటనలిచ్చుకున్నారు. అవి చదువుతుంటే గొంతు పట్టేస్తుంది. 1910 నుంచి 1970 దాకా దాదాపు 60 లక్షల మంది నల్లజాతివాళ్లు అమెరికా దక్షిణాది రాష్ట్రాలు వదిలి వెళ్లారు. షికాగోలో దిగినవాళ్లకు ముందుగా వెళ్లిన బంధువుల ఇల్లే ఆసరా, వేసవి సెలవులకు పిల్లలు మళ్లీ దక్షిణాదిలో అమ్మమ్మ దగ్గరికే.

చట్టానికి మాత్రం ఇది ఎక్కలేదు. ఒహాయోలోని ఈస్ట్ క్లీవ్‌లాండ్‌లో ఐనెజ్ మూర్ అనే నాయనమ్మ, ఇద్దరు కొడుకుల పిల్లల్ని ఒకే ఇంట్లో పెట్టుకుందని, అంటే మనవళ్లిద్దరూ సొంత అన్నదమ్ములు కాదు కాబట్టి ఆ ఊరి నిబంధన ప్రకారం అది ఒక కుటుంబం కాదని, 5 రోజుల జైలు, 25 డాలర్ల జరిమానా వేశారు! అందులో ఒకడు తల్లి చనిపోయిన పిల్లాడు. ఆవిడ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1977లో 5–4 తేడాతో గెలిచింది.

ఆ అమ్మమ్మను మీరే వెళ్లి పలకరించండి, ఒక ఆదివారం భోజనానికి పిలవండి.