గదిలో అమ్మ, హాల్లో ఆయన

హనుమకొండ నుంచి ఒక సోదరి రాసింది. వయసు 31. నిరుడు ఎండాకాలం ఎల్కతుర్తి దగ్గర భర్త నడుపుతున్న బండిని లారీ గుద్దింది. ఆయనకు కాలు విరిగి అతుక్కుంది, ఈమెకు పైకి గీతలే. అప్పటినుంచి లారీ హారన్ వినబడితే చెమటలు, రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం. హసన్‌పర్తిలో టీచర్ ఉద్యోగం మానేసింది. యాక్సిడెంట్ అప్పుడు పరకాల నుంచి వచ్చిన తల్లి ఇంకా ఇక్కడే ఉంది. ఈమె అడిగిందల్లా ఒకటే: సీబీటీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల వైద్యం) మంచిదా, ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లను అటూ ఇటూ కదిలించే పద్ధతి) మంచిదా?

రెండూ పనికొచ్చేవే. ఇలాంటి బాధకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే రెండింటినీ సూచించింది. మీకు అందుబాటులో ఉన్న సైకాలజిస్ట్ ఏది బాగా నేర్చుకుంటే అది చేయించుకోండి. మీ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

నన్ను ఆపేసింది వేరే వాక్యం. ‘అమ్మ నా పక్కన పడుకుంటుంది, ఆయన హాల్లో.’ ఇంత మాట రాసి, ఏమీ పట్టనట్టు తర్వాతి వాక్యానికి వెళ్లిపోయారు!

మీ అమ్మ మీకు అంత్రం కట్టించింది, దిష్టి తీసింది. దాంతో నాకు పేచీ లేదు. టీవీలో యాక్సిడెంట్ వార్త వస్తే రిమోట్ లాక్కుంటుందని రాశారు, మీరు ఆ రోజు సంగతి ఎత్తితే “అది యాది చేసుకోకు బిడ్డా” అంటుందని రాశారు. నా పేచీ అక్కడ. భయపడే దాన్ని తప్పించుకుంటే ఆ పూటకు గుండెదడ తగ్గుతుంది. కానీ తప్పించుకున్నందుకే బతికామని మనసు నమ్మేస్తుంది. మొదట బండి మానేశారు, తర్వాత బస్సు, ఇప్పుడు కూరగాయలకు కూడా అమ్మే పోతోంది.

సీబీటీలోనే ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అని ఒక పద్ధతి ఉంది. ఎడ్నా ఫోవా అనే సైకాలజిస్ట్ తయారుచేసింది. మామూలుగా వారానికోసారి గంటన్నర చొప్పున 8 నుంచి 15 సార్లు కూర్చోవాలి. కళ్లు మూసుకుని, ఆ యాక్సిడెంట్ ఇప్పుడే జరుగుతున్నట్టు పైకి చెప్పాలి. ఆ రికార్డింగ్ ఇంట్లో రోజూ వినాలి. మరోపక్క ఆగి ఉన్న బండి మీద కూర్చోవడం, తర్వాత కాలనీలో ఒక చుట్టు, బస్సులో హసన్‌పర్తి, అట్లా మెల్లగా ఎల్కతుర్తి దాకా. రికార్డింగ్ వింటూ మీరు ఏడుస్తుంటే పక్కనున్న మీ అమ్మ ఏం చేస్తుంది? ఫోన్ లాక్కుంటుంది. థెరపిస్ట్‌కు వారంలో గంటన్నర, మిగతా వారమంతా మీ అమ్మది.

బిడ్డ ఆ రోజే పోయేదన్న భయం ఆమెది. మీకు కాపలా కాస్తే గానీ ఆమెకు నిద్ర పట్టడం లేదు. మరి పరకాలలో షుగర్‌తో ఉన్న మీ నాన్న ఒక్కడే వండుకుని తింటున్నాడు! ఆయన ఏమీ అనడం లేదని రాశారు. అనడు కూడా. అననివాళ్ల మీదే ఇంటి బరువంతా వేయడం నాకు నచ్చదు. ఆ రోజు బండి నడిపిన మనిషి మాత్రం తన మనసులో ఏముందో అత్తగారి ముందు ఎట్లా చెప్తాడు?

అమ్మను రేపే బస్సెక్కించమనడం లేదు. ముందు పడక మార్చండి. ఆమె అలుగుతుంది, అలగనివ్వండి. ఆ రోజు జరిగింది మీకు మీరే తవ్వుకోవద్దు, అది నేర్చినవాళ్ల ముందే జరగాలి. వరంగల్ ఎం.జి.ఎం. ఆస్పత్రిలో మానసిక విభాగం ఓపీకి వెళ్లండి. ప్రైవేటుకైతే ఆర్‌సీఐ (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి, బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. బతుకు మీద విరక్తి అనిపిస్తే ఏ రాత్రైనా టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం లైన్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు అమ్మను కూడా తీసుకెళ్లండి. ఇదే ముక్క నేను రాస్తే ఆమెకు కోపమొస్తుంది, తెల్లకోటు వేసుకున్నవాళ్లు చెప్తే వింటుంది.